మొక్క కన్నా ముందు కలుపు సంగతి



ఎండలు ముదిరాయి. ఇంకో నెల, నెలన్నర పోతే తొలకరి. ఈ రోజుల్లోనే చాలా ఇళ్లల్లో ఒక ఆలోచన మొదలవుతుంది. ఇంటి వెనక జాగా ఊరికే పడి ఉంది కదా, ఈసారి నాలుగు బెండ మొక్కలు, రెండు వంగ మొక్కలు, ఒక బీర పాదు, గట్టు వెంట గోంగూర వేసుకుందాం అని. మంచి ఆలోచన. కొందరు ఈపాటికే విత్తనాలు కూడా కొనేసి ఉంటారు.

అయితే ఒక్క సంగతి. ఆ జాగా ఖాళీగా లేదండీ. మీకన్నా ముందే అక్కడ కాపురం పెట్టినవాళ్లున్నారు. తుంగ ఉంది. గరిక ఉంది. ప్రహరీ గోడ వారగా వయ్యారిభామ ఉంది. ఇప్పుడు ఎండకు వాడిపోయి, చచ్చిపోయినట్టు కనబడుతుండవచ్చు. చావలేదు. ఒక్క వాన పడితే మీ బెండ గింజ కన్నా ముందు అవే లేస్తాయి. మొక్క నాటే ముందు ఈ మొండి కలుపును ఎలా వదిలించుకోవాలి అన్నది ఇవాళ మనం మాట్లాడుకుందాం.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. కలుపు రెండు రకాలు. ఒకటి గింజ మీద బతికేది. రెండోది నేల లోపలి గడ్డ మీద, వేరు మీద బతికేది. గింజ కలుపును పూత రాకముందే తీసెయ్యాలి. గడ్డ కలుపును ఆకు ఎదగనివ్వకుండా మాడ్చాలి.

మళ్లీ చెబుతున్నాను. గింజ మీద బతికేదాన్ని పూతకు ముందు తీసెయ్యాలి. గడ్డ మీద బతికేదాన్ని ఆకు ఎదగనివ్వకుండా మాడ్చాలి. ఏది ఏ రకమో తెలుసుకోకుండా పార పట్టుకుంటే, కష్టం మనది, లాభం కలుపుది.

ముందు తుంగ సంగతి చూద్దాం. దూరం నుంచి గడ్డిలాగే ఉంటుంది. దగ్గరికి వెళ్లి, పూత కాడను రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పి చూడండి. గడ్డి కాడ అయితే గుండ్రంగా నున్నగా తిరుగుతుంది. తుంగ కాడకు మూడు అంచులు ఉంటాయి, వేళ్లకు తెలుస్తుంది. అదే దాని గుర్తు. పట్టి లాగితే సులువుగా చేతిలోకి వచ్చేస్తుంది. హమ్మయ్య, వచ్చేసిందనుకుంటాం. వచ్చింది పై ఆకు మాత్రమే. గడ్డ లోపలే ఉండిపోయింది. వారం పది రోజులు పోయాక చూడండి, అదే చోట పచ్చగా నిలబడి ఉంటుంది.

ఒక గడ్డను తవ్వి చేతిలోకి తీసుకోండి. నల్లగా, పీచు చుట్టుకుని, చిన్న రేగుపండంత ఉంటుంది. గిల్లి చూస్తే ఒక రకమైన సువాసన. ఆయుర్వేద దుకాణాల్లో తుంగముస్తలని అమ్మేవి ఇవే. ఆ గడ్డకు సన్నటి వేరుతో ఇంకో గడ్డ, దానికి మరో గడ్డ, ఇలా నేల లోపల వరసగా ఉంటాయి. ఎక్కువ భాగం జానెడు లోతులోపే ఉంటాయి.

ఇక్కడే ఉంది కిటుకు. ఆ వరసలో గడ్డలన్నీ ఒకేసారి మొలకెత్తవు. ఒకటో రెండో మొలుస్తాయి. అవి మిగతావాటిని మొలవకుండా ఆపి ఉంచుతాయి. మనం పారతో ఒక్క వేటు వేసి ఆ వరసను తెంపేశామనుకోండి. ఇక ఆపేవాళ్లు లేరు. నిద్రపోతున్న గడ్డలన్నీ లేచి కూర్చుంటాయి. ఒక్క తుంగ ఉన్న చోట పది లేస్తాయి. “తవ్వినకొద్దీ తుంగ ఎక్కువవుతోందండీ” అని పెద్దవాళ్లు అంటుంటారు చూడండి, అది చాదస్తం కాదు. అక్షరాలా నిజం.

మరి తవ్వకూడదా? తవ్వొచ్చు. కానీ ఎప్పుడు తవ్వాలో, తవ్విన తరవాత ఏం చెయ్యాలో తెలిసి తవ్వాలి. తుంగకు గడ్డే గాదె. ఎండలో ఆకు వండిన తిండి తెచ్చి అందులో నిలవ చేసుకుంటుంది. పై ఆకు పోయిందా, గాదెలోంచి తీసి కొత్త ఆకు వేస్తుంది. అది కూడా పీకేస్తే మళ్లీ గాదెలోంచే తీస్తుంది. అలా ఎన్నాళ్లు? గాదె నిండుకునేదాకా. కాబట్టి మన పని ఏమిటంటే, కొత్త తిండి లోపలికి చేరకుండా చూడటం.

మొలిచిన తుంగ ఐదారు ఆకులు వేసేలోపు తీసేస్తే, అప్పటికి అది కొత్త గడ్డ కట్టి ఉండదు. ఐదారు ఆకులు దాటిందా, కింద పిల్ల గడ్డలు మొదలవుతాయి. అంటే, పదును ఉన్న రోజుల్లో రెండు మూడు వారాలకోసారి ఆ జాగాలో ఒక చుట్టు తిరగాలి. ఒకసారి బలంగా తవ్వి మూడు నెలలు మరిచిపోయేకన్నా, పదే పదే తీయడం మేలు. తుంగ విషయంలో బలం కన్నా విడవకపోవడం గొప్ప.

ఇక గరిక. గరికను తిట్టాలంటే మనకు మనసు రాదు. వినాయకుడికి అదంటే ఇష్టం. పశువులకు మంచి మేత. చెరువు గట్టు కోసుకుపోకుండా పట్టి ఉంచేది అదే. క్రికెట్ మైదానాల్లో, పెద్ద పెద్ద లాన్లలో బెర్ముడా గడ్డి అని డబ్బు పోసి పెంచేది కూడా దాన్నే. కానీ కూరగాయల మడిలో మాత్రం గరికను భరించలేం.

లీరాయ్ హోల్మ్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన సహచరులు కలిసి 1977లో ఒక పెద్ద పుస్తకం వేశారు. లోకంలో పంటలను ఎక్కువగా ఏడిపించే కలుపు మొక్కల మీద రాసిన పుస్తకం. అందులో మొదటి స్థానం ఎవరిదో తెలుసా? తుంగది. రెండో స్థానం? గరికది. లోకంలోని కలుపులన్నిట్లో మొదటి రెండూ మన పెరట్లోనే ఉన్నాయన్నమాట. కాబట్టి ఒక ఆదివారం పొద్దున కూర్చుని పీకేస్తే పోలేదే అని మీరు బాధపడక్కర్లేదు. దేశదేశాల రైతులు వాటితో పోరాడుతూనే ఉన్నారు.

గరిక బలం దాని కణుపులో ఉంది. నేల మీద పాకే కాడలు ఉంటాయి, నేల లోపల పాకే కాడలూ ఉంటాయి. ప్రతి కణుపు దగ్గరా వేరు వేస్తుంది, మొలక వేస్తుంది. రెండంగుళాల ముక్క ఉండి, అందులో ఒక్క కణుపు ఉన్నా చాలు, మళ్లీ గరిక అవుతుంది. ఇప్పుడు మీరే ఆలోచించండి. వానలు పడ్డాక, నేల తడిగా ఉన్నప్పుడు రోటవేటరు పెట్టి దున్నించారనుకోండి. ఆ తిరిగే కత్తులు గరికను వందల ముక్కలు చేసి, మెత్తటి తడి మట్టిలో చక్కగా నాటేసి వెళ్లిపోతాయి. రెండు రోజులు నేల శుభ్రంగా కనిపిస్తుంది. పదిహేను రోజుల తరవాత జాగా అంతా గరికే.

అదే పని ఇప్పుడు చేయండి. ఎండాకాలంలో, నేల పొడిగా ఉన్నప్పుడు, మట్టిని పెళ్లలు పెళ్లలుగా తిరగెయ్యండి. ఆ కాడలే ఎండకు వేర్లతో సహా మాడిపోతాయి. పని ఒకటే. నెల మారితే ఫలితం తలకిందులైంది. మన రైతులు వేసవి దుక్కి అని ఊరికే అనలేదు. పంట కోసిన తరవాత లోతుగా దున్ని, రోహిణి కార్తె ఎండలకు నేలను వదిలేస్తారు. పెరటి జాగాకు కూడా సూత్రం అదే.

గరిక, తుంగ ఉన్న చోట పార కన్నా గడ్డపార మంచిది. పార అంచు కాడను తెగ్గొడుతుంది. గడ్డపార గుచ్చి మట్టిని పెకలిస్తే కాడ పొడవుగా చేతికి వస్తుంది, గడ్డ వరస కూడా తెగకుండా వస్తుంది. జానెడు లోతు తిరగెయ్యండి. కనబడిన కాడనల్లా, గడ్డనల్లా ఏరి పక్కన వేయండి. పెళ్లలను పగలగొట్టకుండా నాలుగైదు రోజులు వదిలేయండి. మళ్లీ తిరగెయ్యండి. కింద ఉన్నది పైకి రావాలి, ఎండ చూడాలి. తుంగ గడ్డ లోపలి తడి పూర్తిగా ఆరిపోతే అది ఇక మొలవదు. ఆ తడి ఆరాలంటే మధ్యలో నీళ్లు తగలకూడదు. ఇదంతా చేసి, ఆ పక్కనే బట్టలు ఉతికిన నీళ్లు పారబోశారంటే చేసిందంతా వృథా.

ఏరిన గడ్డలను, కాడలను ఎరువు గుంటలో వేయకండి. గచ్చు మీదో, రేకు మీదో పరిచి, గలగలలాడేదాకా ఎండబెట్టండి. పచ్చి గరికనైతే శుభ్రంగా కడిగి పశువులకు వేయండి.

ఇంతవరకు గడ్డ మీద, వేరు మీద బతికేవాటి సంగతి. ఇప్పుడు గింజ మీద బతికేవి.

వీటిలో అందరికీ తెలిసినది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1955లో పుణె దగ్గర దీన్ని గుర్తించారు. ఆ తరవాత రోడ్ల వెంట, రైలు పట్టాల వెంట దేశమంతా పాకింది. ఒక్క పెద్ద మొక్క పది వేలకు పైగా గింజలు రాల్చగలదు. దాని పుప్పొడి పడక కొందరికి ఉబ్బసం వస్తుంది, ఆకు తగిలితే కొందరికి చర్మం మీద దురద, దద్దుర్లు వస్తాయి. జబల్‌పూర్‌లో కలుపు మొక్కల మీదే పనిచేసే జాతీయ పరిశోధన సంస్థ ఒకటి ఉంది. వయ్యారిభామ మీద అవగాహన కోసం ఆ సంస్థ ప్రతి ఏడూ ఆగస్టులో ఒక వారం జరుపుతుంది. ఒక్క మొక్క కోసం దేశం మొత్తం ఒక వారం కేటాయించిందంటే దాని మొండితనం ఎంతటిదో చూడండి.

కానీ వయ్యారిభామకు ఒక బలహీనత ఉంది. దానికి గడ్డ లేదు, కణుపుల నుంచి పాకదు. ఉన్నదల్లా గింజ. కాబట్టి తెల్లటి పూలు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, వేరుతో సహా పీకేస్తే ఆ మొక్క కథ అక్కడితో సరి. పూత రాని మొక్కను ఎరువు గుంటలో కూడా వేసుకోవచ్చు. పూత వచ్చిందంటే మాత్రం వద్దు. గుర్తుందిగా? గింజ మీద బతికేదాన్ని పూతకు ముందు తీసెయ్యాలి.

వయ్యారిభామ ఒక్కటే కాదు. పిచ్చి తోటకూర, గలిజేరు, పల్లేరు, ఉత్తరేణి, కుప్పింటాకు, గడ్డి చామంతి, ఊద, ఇవన్నీ గింజ మీద బతికేవే. ఈ మందలో రెండిటితో కాస్త జాగ్రత్త. ఒకటి గంగపాయల కూర. రెండోది వెన్నదేవి కూర, నీలం పూలు పూస్తుంది చూడండి, అది. ఈ రెండిటినీ పీకి అక్కడే తడి మట్టి మీద పడేస్తే, పడ్డ చోటే మళ్లీ వేరు వేసి బతికేస్తాయి. పీకినదాన్ని పక్కకు తీసుకుపోవాలి. గంగపాయలనైతే శుభ్రంగా కడిగి పప్పులో వేసుకోండి, ఇంతకన్నా రుచికరమైన కలుపు నివారణ ఇంకోటి లేదు.

గింజల విషయంలో మనల్ని ఓడించేది ఏమిటంటే వాటి ఓర్పు. దీనికి ఒక కథ చెబుతాను. కథ అన్నాను గానీ, జరిగినదే. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో విలియం బీల్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. కలుపు గింజ మట్టిలో ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చాలనుకున్నాడు. 1879లో ఇరవై సీసాలు తీసుకుని, ఒక్కో దాంట్లో రకరకాల కలుపు గింజలు, ఇసుక కలిపి పోసి, కాలేజీ ఆవరణలో పాతిపెట్టాడు. కొన్నేళ్లకోసారి ఒక సీసా తవ్వి తీసి, గింజలు మొలుస్తాయేమో చూడాలని ఏర్పాటు. ఆయన పోయాడు. ఆయన తరవాతివాళ్లు ఆ పని కొనసాగించారు. ఇప్పటికీ సాగుతోంది. 2021లో ఒక సీసా తీశారు. 142 ఏళ్లు మట్టిలో ఉన్న గింజలు. వాటిలో కొన్ని మొలకెత్తాయి!

అన్ని గింజలూ అంత కాలం బతకవు. చాలా రకాలు కొన్నేళ్లకే చచ్చిపోతాయి. కానీ ఒక్క సంగతి మాత్రం తేలింది. ఈ ఏడు మన నిర్లక్ష్యం వల్ల రాలిన గింజ, వచ్చే ఏడు ఒక్కసారే మొలిచి అయిపోదు. కొన్ని వచ్చే ఏడు, కొన్ని ఆ పై ఏడు, కొన్ని పారతో పైకి తెచ్చిన రోజున మొలుస్తాయి. మీ పెరటి మట్టి పైకి ఎంత శుభ్రంగా కనబడినా, లోపల గింజల నిల్వ ఉంటుంది. ఆ నిల్వను తగ్గించుకున్నాకే మొక్క నాటాలి.

ఎలా తగ్గించుకోవాలి? ఇంట్లో చేసుకోదగ్గ ఉపాయాలు రెండు చెబుతాను.

మొదటిది ఎండతో చంపడం. నేలను తవ్వి, కలుపు ఏరి, మట్టిని చదును చేయండి. పెళ్లలు లేకుండా చూడండి. బాగా నీళ్లు పెట్టండి. ఆ తడి మట్టి మీద పల్చటి ప్లాస్టిక్ పట్టా నేలకు ఆనేట్టుగా పరచండి. అవతలిది కనబడే పట్టా కావాలి. నల్లది కాదు. మళ్లీ చెబుతున్నాను, నల్లది కాదు, అవతలిది కనబడే పట్టా. నల్ల పట్టా అయితే ఎండను తానే తాగేస్తుంది. పారదర్శకమైన పట్టా ఎండను లోపలికి వదిలి, వేడిని మట్టిలో బంధిస్తుంది. అంచుల చుట్టూ మట్టి కప్పి, గాలి దూరకుండా మూసేయండి. నాలుగు నుంచి ఆరు వారాలు అలా ఉంచండి. పై మట్టి చేయి పెట్టలేనంతగా వేడెక్కుతుంది. తడి ఉండటం వల్ల గింజ మొలకకు సిద్ధపడుతుంది, ఆ వేడికి చచ్చిపోతుంది.

ఈ పద్ధతిని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 1976లో లోకానికి చాటారు. వాళ్ల అసలు లక్ష్యం మట్టిలోని తెగుళ్లు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో కూడా 1980లలో కంది, శనగ చేలల్లో దీన్ని పరీక్షించారు. మన ఏప్రిల్, మే ఎండలు దీనికి సరిగ్గా సరిపోతాయి. కూలర్లు తిప్పుకుంటూ మనం తిట్టుకునే ఎండను కాస్త పనిలో పెట్టుకుందాం. అయితే దీంతో గింజ కలుపు బాగా తగ్గుతుంది గానీ, లోతున ఉన్న తుంగ గడ్డ పూర్తిగా చావదు. తుంగను ముందే ఏరుకోవాలి. ఇంకో సంగతి. పట్టా తీశాక మళ్లీ లోతుగా తవ్వకండి. తవ్వితే కిందున్న బతికిన గింజలు పైకి వస్తాయి.

రెండో ఉపాయం కలుపును మోసం చేయడం. దీనికి ప్లాస్టిక్ అక్కర్లేదు, ఖర్చు లేదు. మడి తయారు చేయండి, విత్తనం వేయబోతున్నట్టే. నీళ్లు పెట్టండి, లేదా తొలి వాన పడనివ్వండి. కానీ విత్తనం వేయకండి. పది పన్నెండు రోజులు ఆగండి. పైన ఉన్న కలుపు గింజలన్నీ తమ కాలం వచ్చిందనుకుని మొలిచేస్తాయి. ఎండగా ఉన్న ఒక పొద్దున దోకుడుపారతో పైపైన గీకేయండి. లోతుగా వద్దు, అంగుళం చాలు. మొలకలు ఎండకు వాడి చచ్చిపోతాయి. వీలైతే ఇంకోసారి నీళ్లు పెట్టి, ఇంకోసారి మొలవనిచ్చి, ఇంకోసారి గీకండి. ఆ తరవాత మీ విత్తనం వేయండి. తొలకరికి మొలిచిన గడ్డిని గుంటక తోలి తీసేశాక విత్తే రైతులు పొలంలో చేసేది ఇదే. పెరట్లో మనకు మాత్రం ఆ ఆగడమే చేతకాదు. తొలి వాన పడగానే చేతులు దురద పెడతాయి. ఆ పదిరోజులు ఆగినవాళ్లకు ఆ తరవాత మూడు నెలలు నడుము నొప్పి తప్పుతుంది.

మరి జాగా పెద్దదై, తుంగ దట్టంగా ఉంటే? అప్పుడు ఈ వానాకాలం కూరగాయలు మానుకోండి. ఆ జాగాలో జనుము గానీ, పిల్లిపెసర గానీ, అలసంద గానీ ఒత్తుగా చల్లండి. తుంగ, గరిక రెండూ ఎండను కోరేవి. నీడ వాటికి గిట్టదు. జనుము ఏపుగా లేచి కమ్మేస్తే, కింద ఆకులు పాలిపోతాయి. గాదెలోకి తిండి రాదు. నెలన్నర దాటి పూత మొదలయ్యే వేళకు జనుమును కోసి మట్టిలో కలిపేస్తే నేలకు నత్రజని దక్కుతుంది. ఒక్క పంట వదులుకున్నట్టు కనిపిస్తుంది గానీ, కలుపు తగ్గుతుంది, నేల బాగుపడుతుంది.

చిన్న జాగా అయితే పాత అట్టపెట్టెలు తెచ్చి, టేపులు పీకేసి, తడిపి, ఒకదాని అంచు ఇంకోదాని మీదికి వచ్చేట్టు పరిచి, పైన ఎండాకు, గడ్డి మందంగా వేయండి. గింజ కలుపు వెలుతురు లేక లేవదు. తుంగ మాత్రం గట్టిది. దాని మొన ప్లాస్టిక్‌నే పొడుచుకుని వస్తుంది, అట్ట ఒక లెక్కా? వచ్చిన చోటల్లా తీస్తూ ఉండాలి.

ఇక చేయకూడనివి. కొందరు కలుపు మీద రాళ్ల ఉప్పు చల్లుతారు. కలుపు చస్తుంది, నిజమే. నేల కూడా చౌడు బారుతుంది. మీ బెండ కూడా అక్కడ మొలవదు. కొందరు ఎండు గడ్డికి నిప్పు పెడతారు. పైన మాడుతుంది. జానెడు లోతున ఉన్న గడ్డకు ఆ సెగ కూడా తగలదు. పైగా పక్కింటి గడ్డివాము అంటుకుంటే ఎవరిది జవాబుదారీ?

కొందరు గడ్డి మందు కొట్టేస్తే పోతుంది కదా అంటారు. పిల్లలు తిరిగే, కూర కోసుకు తినే పెరట్లో దాని జోలికి పోవద్దు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని కేంద్ర ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ అనే ఇంకో గడ్డి మందు ఉంది. అది కడుపులోకి పోతే విరుగుడు లేదు. ఈ మందులను కూల్‌డ్రింకు సీసాల్లో పోసి గూట్లో పెట్టే అలవాటు ఎన్నో ఇళ్లను ఆర్పేసింది. నాలుగు సెంట్ల జాగాకు అంత ప్రమాదం అక్కర్లేదు.

ఇంత కష్టపడి శుభ్రం చేసుకున్న జాగాలోకి మళ్లీ కలుపును మనమే తెచ్చుకుంటాం. ఎలా అంటారా? పచ్చి పేడ ఎరువులో గింజలు వస్తాయి. ట్రాక్టరు లోడు ఎర్రమట్టిలో తుంగ గడ్డలు వస్తాయి. నర్సరీ నుంచి తెచ్చిన గులాబీ సంచిలో కూడా తుంగ వస్తుంది. కాబట్టి బాగా మాగిన ఎరువే వాడండి. కొత్త మట్టిని ఒక మూల పోసి, నీళ్లు చల్లి, రెండు వారాలు ఏం మొలుస్తుందో చూసి, అప్పుడు మడిలో వేయండి. నర్సరీ మొక్కను నాటే ముందు సంచి చింపి, మట్టిలో నల్ల గడ్డలేమైనా ఉన్నాయేమో తడిమి చూడండి. మేడ మీద కుండీల్లో పెంచుకునేవాళ్లకూ ఈ మాట వర్తిస్తుంది. గోడ వార, గట్టు మీద, కాలిబాట పక్కన కూడా పూత రానివ్వకండి. మడి లోపలికి కలుపు అక్కడి నుంచే వస్తుంది.

ఏ మొక్క ఏదో తెలియకపోతే ఎవరిని అడగాలి? మీ ఊళ్లో కలుపు కూలికి వెళ్లే ఆడవాళ్లను అడగండి. రోజంతా వంగి, చేత్తో తీసి తీసి, ఏది వేరుతో వస్తుందో, ఏది తెగిపోయి మళ్లీ మొలుస్తుందో వాళ్ల వేళ్లకు తెలుసు. ఆ అక్కను పిలిచి, ఒక చుట్టు మీ జాగా చూపించండి. ఆవిడ చెప్పే పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి.

చివరగా, చెప్పినదంతా ఇంకోసారి. గింజ మీద బతికేదాన్ని పూతకు ముందు తీయండి. గడ్డ మీద బతికేదాన్ని ఆకు ఎదగనివ్వకండి. తవ్వే పని ఎండల్లోనే, నేల పొడిగా ఉండగానే ముగించండి. తొలి వానకు కలుపును మొలవనివ్వండి, గీకండి, ఆ తరవాతే విత్తండి. జాగా అంతా ఒకేసారి మొదలుపెట్టకండి. మీకు చేతనైనంత మడి శుభ్రం చేసుకోండి, మిగతాది వచ్చే ఏటికి ఉంచండి. తుంగ ఒక్క ఏడాదిలో పూర్తిగా పోతుందని నేను చెప్పను. ఒక్క ఏడాది విడవకుండా తీస్తే మాత్రం రెండో ఏడు మీ పని సగానికి సగం తగ్గుతుంది.

కాబట్టి ఒక చిన్న కోరిక. రేపు పొద్దున ఎండ ఎక్కకముందే పెరట్లోకి వెళ్లండి. ఒక చోట జానెడు లోతు తవ్వి, ఆ మట్టిని చేత్తో నలిపి చూడండి. గడ్డలున్నాయా, కాడలున్నాయా, ఏమీ లేవా అన్నది తేల్చుకోండి. విత్తనాల కొట్టుకు వెళ్లడం ఆ తరవాతే.